ఈరమ్మ పికప్ బేరం

నేను చేసిన పని

ముప్పై ఒక్క ఏళ్ళు నేను బళ్ళారిలో పికప్ బండ్లు అమ్మాను. ఒకే షోరూము, ఒకే యజమాని. నా పేరు ప్రభుదాసు. గిరాకీలకు, అంటే కొనవచ్చేవాళ్ళకు, మాత్రం దాసప్పను. మాది తాతల నాటి నుంచి మిషన్ చర్చి కుటుంబం. ఆ సంగతి తెలియక, పేరు విని నన్ను హరిదాసుల ఇంటివాణ్ణి అనుకున్నవాళ్ళు చాలామంది. ఏకాదశి నాడు నాకు టిఫిను పెట్టాలా వద్దా అని సందేహపడిన ఇళ్ళూ ఉన్నాయి. నేను వాళ్ళను దిద్దలేదు. టిఫిను మాత్రం తినే వచ్చాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి, టార్గెట్ల గురించి రాయను. కంపెనీవాళ్ళు ఇచ్చిన కప్పులు నాలుగు ఇంట్లో ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో మా ఆవిడ కమల బట్టల క్లిప్పులు వేసుకుంటుంది. ఆ కప్పుకు అంతకంటే మంచి ఉపయోగం నాకూ తోచలేదు.

కొత్తవాళ్ళు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే. ధర దగ్గర గిరాకీ బిగుసుకుంటే ఏం చేయాలి? ఆ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఒక్క మాటలో చెప్పలేను. దానికి ఇద్దరు మనుషుల సంగతి చెప్పాలి. ఒకరు అసలు బేరమే చేయని మనిషి. ఇంకొకరు ఈరమ్మ.

ఐదు గీతలు

అంతకు ముందు మా యజమాని గురించి. నంజుండ శెట్టిగారిది బళ్ళారి బజారులో మూడు తరాలుగా నూనె, బెల్లం అమ్మిన తెలుగు కుటుంబం. బండ్ల వ్యాపారంలోకి దిగిన మొదటి మనిషి ఆయనే. నేను చేరిన వారంలోనే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని తెల్ల కాగితం మీద ఐదు గీతలు గీశారు.

"దాసూ, గిరాకీ యాడ బేరం చేస్తాడు?"

"బండి ధర మీద, శెట్రే."

"ఆడ మనకు మిగిలేది స్వల్పం. అందుకని ఆడ గట్టిగా పట్టుకో. చివర్న ఏడుపు మొగం పెట్టి కొంచెం వదులు. వాడు గెల్చినాననుకుంటాడు. ఈ మిగతా నాలుగు గీతలుండాయే, వీటి దిక్కు వాడు కన్నెత్తి గూడా చూడడు."

మొదటి గీత బండి ధర. మిగతా నాలుగు ఇవి: ఇన్సూరెన్స్, అప్పు ఇప్పించడం, రిజిస్ట్రేషన్ ఖర్చులు, చివరగా టార్పాలిన్, ముందు కడ్డీల లాంటి పైసామాను. మనిషి బండి ధర మీద రెండు గంటలు పోట్లాడి ఐదు వేలు తగ్గించుకుంటాడు. తర్వాత రెండు నిమిషాల్లో మిగతా కాగితాల మీద సంతకాలు పెట్టి అంతకు రెట్టింపు ఇచ్చిపోతాడు. ఇది మోసమా అంటే చట్టం లెక్కన కాదు. ఇన్సూరెన్స్ మా దగ్గరే చేయించాలని మేం ఎప్పుడూ అనలేదు. బయట చేయించుకోవచ్చని కూడా ఎప్పుడూ అనలేదు.

శెట్టిగారు చెడ్డ మనిషి కాదు. జీతం ఒకటో తారీఖు దాటనిచ్చేవారు కాదు. మా నాన్న పోయినప్పుడు సమాధి దగ్గర మట్టి వేసేదాకా ఎండలో నిలబడ్డారు. కానీ సరుకు గురించి కొనేవాడు అడగాలి తప్ప అమ్మేవాడు చెప్పకూడదు అన్నది ఆయన నమ్మకం. చాలా ఏళ్ళు నాదీ అదే నమ్మకం.

అడగని మనిషి

గనుల పని జోరుగా నడిచే రోజుల్లో యశ్వంతనగర్ నుంచి తిప్పణ్ణ అనే మనిషి వచ్చాడు. ఎనిమిదేళ్ళు ఇంకొకరి బండి నడిపి, తన సొంతానికి ఒకటి కొనుక్కోవడానికి వచ్చాడు. నేను ధర చెప్పాను. కాగితం తీసుకుని ఒకసారి చదివాడు, తల ఊపాడు. అంతే. తగ్గించమని అడగలేదు. అడుగుతాడని నేను కలిపి ఉంచుకున్న డబ్బంతా అలాగే ఇచ్చాడు. పైగా పోయేటప్పుడు నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఆ నెల శెట్టిగారు నన్ను అందరి ముందూ మెచ్చుకున్నారు.

పది రోజుల తర్వాత అతని పక్కింటాయన వచ్చి అదే బండి కొన్నాడు. ఆయన బేరగాడు. పద్దెనిమిది వేలు తక్కువకు తీసుకున్నాడు.

ఆ మర్నాడు తిప్పణ్ణ మళ్ళీ వచ్చాడు. చొక్కా నిండా గనుల ఎర్రదుమ్ము. పనిలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు. గొడవ పెట్టుకుంటాడనుకుని నేను జవాబు సిద్ధం చేసుకున్నాను. అతను కేక వేయలేదు. నా బల్ల దగ్గర నిలబడి మెల్లగా అడిగాడు.

"దాసప్పా, నేను అడగలేదని తీసుకున్నావా?"

కంపెనీ స్కీము మధ్యలో మారిందని ఏదో చెప్పాను. అంతా విన్నాడు. "హౌదా" అన్నాడు, అలాగా అన్నట్టు. వెళ్ళిపోయాడు.

అతను కేకలేసి ఉంటే నేను ఆ సాయంత్రానికే మర్చిపోయేవాణ్ణి. అతను సర్వీసుకు కూడా మళ్ళీ మా గేటు తొక్కలేదు. డబ్బు తిరిగివ్వడం నా చేతుల్లో లేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. శెట్టిగారిని ఒక మాట అడిగి చూడడం నా చేతుల్లోనే ఉండింది. అడగలేదు. ఈ తప్పుకు నేను ఏ పరిహారమూ చేయలేదు. చేశానని ఇక్కడ రాసుకోలేను.

అప్పటి నుంచి ఒక్కటి మాత్రం మానుకున్నాను. బేరం చేయని మనిషి వస్తే, చేసేవాడికి ఎంత తగ్గించేవాణ్ణో అంతా నేనే తగ్గించి చెప్పేవాణ్ణి. శెట్టిగారు గమనించి సణిగేవారు. బండ్లు ఎక్కువే అమ్ముడుపోతున్నాయి కనుక ఊరుకునేవారు.

మూటలతో వచ్చిన గిరాకీ

అది జరిగిన చాలా ఏళ్ళకు, ఒక ఫిబ్రవరి నెలాఖరున, పొద్దున్నే శెట్టిగారు నన్ను పిలిచారు. మా యార్డులో ఒక తెల్ల పికప్ ఉంది. అది పోయిన ఏడాది తయారైన బండి. లారీలోంచి దించేటప్పుడు వెనక తలుపు వంగితే సరిచేసి రంగు వేయించారు. చూస్తే తెలియదు.

"దాసూ, ఆ తెల్లది ఈ పొద్దు పోవల్ల. కంపెనీవాళ్ళు గొంతు మీద కూర్చోనుండారు. సంవత్సరం మాట ఎత్తొద్దు, తలుపు మాట ఎత్తొద్దు. మీటరు సున్నా చూపించు, సాలు."

తలూపి బయటికి వచ్చాను. అప్పటికి నాకు నలభై ఏడు. మా అమ్మాయి నర్సింగ్ కాలేజీలో చేరి ఆరు నెలలైంది. ఆ వయసులో నాకు ఇంకో చోట ఎవరు కుర్చీ వేస్తారు?

పదిన్నరకు గేటులోకి ఒక ట్రాక్టరు వచ్చింది. వెనక ట్రాలీలో వడ్ల మూటలు. దాని మీంచి భార్యాభర్తలిద్దరు దిగారు. కంప్లి దగ్గరి ఎమ్మిగనూరు నుంచి వస్తున్నామన్నారు. ఆయన హనుమంతప్ప, పొడుగ్గా ఉంటాడు, మాట తక్కువ. ఆమె ఈరమ్మ. పొట్టి మనిషి. చేతిలో మడతపెట్టిన పాత క్యాలెండరు కాగితాలు.

"ఎవురప్పా ఈడ బండి అమ్మేది?"

"నేనేనమ్మా. రండి, కూర్చోండి."

"కూర్చునేది తర్వాత. ఈ మూటలు ఎక్కించి నడిపి చూపించు. ఖాళీ బండి ఎవురైనా నడుపుతారు."

షోరూములో నడిపి చూపించడానికి ఒక బండి ఎప్పుడూ ఉంటుంది. దాంట్లోకి మూటలు ఎక్కించాం. ముందు సీట్లో కూర్చోమంటే ఈరమ్మ వినలేదు. వెనక మూటల మీదికి ఎక్కి కూర్చుంది. "టమాటాలు పొయ్యేది వెనకే గదా. ఆడ ఎట్లుంటాదో నేను చూడల్ల" అంది. కప్పగల్లు దాకా పోయి వచ్చాం. దారిలో గుంత వచ్చినప్పుడల్లా అద్దంలో ఆమెను చూస్తూనే ఉన్నాను. పడిపోతుందేమోనని వేగం తగ్గించాను. ఆమె మాత్రం మూటలను చేత్తో తడుముతూ బండి ఎంత ఎగురుతోందో చూసుకుంటోంది.

దిగాక చీర దులుపుకుని, "పర్వాలేదు. ఇప్పుడు రేటు చెప్పు" అంది.

యార్డులోని తెల్ల బండి చూపించి, దాని ధరల కాగితం ముందు పెట్టాను. ఆమె తన క్యాలెండరు కాగితాలు విప్పింది. హోస్పేటలో ఒకరు, గంగావతిలో ఇద్దరు ఇచ్చిన ధరలు వాటి వెనక రాసుకుంది. బండి ధర వైపు చూడనే లేదు. వేలు నేరుగా రెండో గీత మీద పెట్టింది.

"ఈ ఇన్సూరెన్స్ ఇంత ఏల? కంప్లిలో దీనికే తక్కువ చెప్పినారు. బయట చేయించుకుంటే వద్దంటారా మీరు?"

"లేదమ్మా. చేయించుకోవచ్చు."

"అట్లైతే కొట్టెయ్."

కొట్టేశాను.

"అప్పు మా సొసైటీలో తీసుకుంటాం. కొట్టెయ్. టార్పాలిన్ మా ఇంట్లో ఉండాది. కొట్టెయ్. ముందర ఈ ఇనప కడ్డీలేంది? మేం ఎవుర్నన్నా గుద్దబోతామా?"

శెట్టిగారి గీతలు ఒక్కొక్కటే పోయాయి. అప్పుడు బండి ధర దగ్గరికి వచ్చింది. రెండు గంటలు పట్టింది. మధ్యలో మూడుసార్లు కాఫీ వచ్చింది. మాటల మీద వాళ్ళ సంగతి తెలిసింది. చుట్టుపక్కల ఊళ్ళలో కూరగాయలు కొని బళ్ళారి మార్కెట్టుకు వేస్తారు. ఆరేళ్ళుగా బాడుగ టెంపోలోనే. టెంపోవాడు తనకు వీలైనప్పుడు బయలుదేరతాడు. వీళ్ళు చేరేసరికి మార్కెట్లో ధర పడిపోయి ఉంటుంది.

"ఎద్దుల జత అమ్మినాం, రెండు బర్రెలు అమ్మినాం" అంది ఈరమ్మ. "ఇంక వెనక్కి పొయ్యేదానికి లేదప్పా. అందుకే ఇంత పీకుతాండా. ఏమనుకోవద్దు."

చివరికి ఇద్దరికీ నచ్చిన అంకె ఒకటి కాగితం మీద పడింది. "ఆయ్తు" అంది, ఇక కుదిరినట్టే అని. డబ్బున్న గుడ్డసంచి ఒళ్ళోకి తీసుకుని ముడి విప్పుతూ ఆగింది.

"ఒగ మాట దాసప్పా. ఇది కొత్త బండే గదా?"

ఈ ప్రశ్న ప్రతివాళ్ళూ అడుగుతారు. దానికి మా దగ్గర ఒక జవాబు ఉంది: "మీటరు చూసుకోండి." అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆ మాట అనడానికే నోరు తెరిచాను. వచ్చింది వేరే మాట.

"ఎవురూ నడపలేదమ్మా. కానీ ఇది పోయిన ఏడాది బండి. దించేటప్పుడు వెనక తలుపు వంగితే సరిచేసి రంగేసినారు. ఆర్సీలో పోయిన ఏడాదే పడతాది. రేపు మీరు అమ్మబోతే ఒగ ఏడాది పాతదని తక్కువ కడతారు."

హనుమంతప్ప లేచి నిలబడ్డాడు. ఆ రోజంతా ఆయన మాట్లాడిన మొదటి మాట అదే. "లెయ్యే ఈరీ. పోదాం."

ఈరమ్మ లేవలేదు. నా వైపే చూస్తోంది. "మూడు గంటల నుంచి ఈడే ఉండావు గదా. ఇదేల ముందే చెప్పలేదు?"

చెప్పొద్దన్నారని అనవచ్చు. అది నిజం కూడా. కానీ పొద్దున తల ఊపింది నేనే కదా. "తప్పైంది" అన్నాను.

ఆమె సంచి ముడి మళ్ళీ బిగించింది. "మీ సావుకారు యాడుండాడు?"

అద్దాల గది

ఆమెకంటే ముందు నేనే లోపలికి వెళ్ళి శెట్టిగారికి జరిగింది చెప్పాను. అద్దంలోంచి ఆయన అంతా చూస్తూనే ఉన్నారు. మాటలే వినిపించలేదు. విన్నాక ముఖం ఎర్రబడింది.

"నా షాపులో నా సరుక్కి నువ్వే వంక చెప్పినావా?"

"అడిగినారు, శెట్రే."

"తాళాలు ఈడ పెట్టి బయట కూర్చో."

నా బల్ల తాళాలు, యార్డు తాళాలు ఆయన ముందు పెట్టి బయట బెంచీ మీద కూర్చున్నాను. కమలకు ఫోన్ చేశాను. ఆమె మిషన్ స్కూల్లో టీచరు. అది వాళ్ళ భోజనాల వేళ.

"ఉద్యోగం పొయ్యేట్టుండాది" అన్నాను.

"ఏం చేసినావ్?"

చెప్పాను. పిల్లల గోల మధ్య ఆమె గొంతు మామూలుగానే వచ్చింది. "సరే. వచ్చేటప్పుడు కొత్తిమీర తీసుకురా. ఇంట్లో లేదు."

ఆ మాటతో ఇల్లు ఇంటి చోటే ఉందనిపించింది.

ఈలోగా ఈరమ్మ భర్తను వెంటబెట్టుకుని గదిలోకి వెళ్ళింది. తలుపు వేయలేదు. లోపలి మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

"మావోడు ఏదో నోరు జారినాడమ్మా" అన్నారు శెట్టిగారు. "బండికేం కాలేదు."

"నోరు జారలేదు సావుకారూ. జారేదైతే పొద్దున్నే జారింటుంది. మూడు గంటలు పట్టుకున్న్యాడు పాపం."

శెట్టిగారు కాగితం ముందుకు లాక్కున్నారు.

"బండి మాకు గావల్ల" అంది ఈరమ్మ. "వడ్లకి సంవత్సరం తెలీదు, టమాటాకీ తెలీదు. కానీ పోయిన ఏడాది బండికి ఈ ఏడాది రేటు ఇయ్యం. తలుపు కొత్తది ఏయించు. బిల్లులో సంవత్సరం రాయించు. మా ఊర్లో ఇంగా నలుగురు బండి కొనల్లని ఉండారు. నేను పోయి వాళ్ళకి ఏం చెప్పల్లో నువ్వే చెప్పు."

తర్వాత ఇరవై నిమిషాలు జరిగిన బేరం నా జీవితంలో నేను విన్న గొప్ప బేరాల్లో ఒకటి. మూడు తరాల బజారు మనిషి ఒకవైపు. సాయంత్రానికి కుళ్ళిపోయే సరుకును ఆరేళ్ళు అమ్మిన మనిషి ఇంకోవైపు. ఎవరూ గొంతు పెంచలేదు. హనుమంతప్ప గోడ మీది దేవుడి పటాలు చూస్తూ నిలబడ్డాడు. చివరికి నేను రాసిన అంకె మీద ఇంకో ఇరవై రెండు వేలు తగ్గింది. కొత్త తలుపు ఒప్పుకున్నారు. శెట్టిగారు బయటికి చూసి "దాసూ, రాయి" అన్నారు.

తాళాలు

అడ్వాన్సు ఇచ్చి వాళ్ళు వెళ్ళిపోయారు. మధ్యాహ్నమంతా నాతో ఎవరూ మాట్లాడలేదు. నా తాళాలు ఆయన బల్ల మీదే ఉన్నాయి. మా అమ్మాయికి ఏం చెప్పాలో మనసులో రెండు మూడు రకాలుగా అనుకుని చూసుకున్నాను. ఏదీ కుదరలేదు. ఆరు గంటలకు శెట్టిగారు పిలిచారు.

"ఆ బండి ఇంగో మూడు నెలలు యార్డులో నిలబడింటే బ్యాంకు వడ్డీ ఎంతయ్యేది?"

మనసులో కట్టి చెప్పాను. తగ్గించిన దానికి కొంచెం తక్కువ.

"ఇంచుమించు అదే. నేనూ కట్టి చూసినా." తాళాలు నా వైపు జరిపారు. "రేపు యార్డులో ఉండే మిగతా రెండు పాతవాటి మీద సంవత్సరం రాసి అతికించు. రేటు తగ్గించి రాయి. ఆ యమ్మ ఊర్లోవాళ్ళు వస్తారు."

తాళాలు తీసుకున్నాను.

"దాసూ. ఇంగోసారి ఏమన్నా ఉంటే పొద్దున్నే నాతో కొట్లాడు. గిరాకీ ముందర నన్ను నిలబెట్టొద్దు."

"సరే శెట్రే."

ఆయన ఆ రోజుతో మారిపోయారని రాయను. ఇన్సూరెన్స్ గీత గురించి చివరిదాకా గిరాకీకి తనంతట తాను చెప్పలేదు. కానీ పాత బండి మీద సంవత్సరం రాసి పెట్టడం ఆ మర్నాటి నుంచి మా షోరూములో ఆగలేదు. ఎమ్మిగనూరు నలుగురిలో ముగ్గురు మా దగ్గరే కొన్నారు. ఒకాయన ఆ సంవత్సరం చీటీ చూసే పాతది తీసుకున్నాడు.

ఆ సాయంత్రం గేటు బయటికి వచ్చి స్కూటరు తీశాను. తర్వాత మార్కెట్టుకు పోయి కొత్తిమీర రెండు కట్టలు ఎక్కువే కొన్నాను. ఇంటికి పోయేసరికి కమల గుమ్మంలోనే ఉంది. నా జేబులో తాళాల గుత్తి చప్పుడు విని, ఏమీ అడగకుండా లోపలికి పోయి పొయ్యి వెలిగించింది. మధ్యాహ్నం నా ఫోను వచ్చాక ఆమె కూడా ఏమీ తినలేదని తర్వాత తెలిసింది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. ధర దగ్గర గట్టిగా ఉండండి, తప్పు లేదు. గిరాకీ కూడా గట్టిగానే ఉంటాడు, ఉండాలి. అది ఆట. కానీ బండిలో ఉన్న లోపం ఆటలోకి రాదు. అది అడగకముందే చెప్పండి, మొదటి కాఫీ రాకముందే చెప్పండి. నాలాగా మూడు గంటలు కడుపులో పెట్టుకుని కూర్చుంటే మీకు, యజమానికి, కొనేవాళ్ళకు ముగ్గురికీ చేటు. నన్ను మంచివాడని ఎవరైనా అంటే నాకు ఆ మూడు గంటలే గుర్తొస్తాయి. నాకు అదృష్టం కలిసొచ్చింది. ఈరమ్మ లేచి వెళ్ళిపోయి ఉంటే ఆ రోజు కథ వేరుగా ఉండేది. అప్పుడు కూడా నిజం చెప్పడమే సరైన పని అయ్యేది గానీ, ఇంత హాయిగా కూర్చుని రాసేవాణ్ణో లేదో.

బండి వెళ్ళిన రోజు

కొత్త తలుపు బిగించడానికి ఐదు రోజులు పట్టింది. ఆరో రోజు వాళ్ళిద్దరూ వచ్చారు. ఈరమ్మ తలుపు తీసి వేసి, తీసి వేసి నాలుగుసార్లు చూసింది. బానెట్టుకు పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. నా వైపు తిరిగి, "మీ దేవునికి గూడా ఒగ మాట చెప్పప్పా" అంది. బండి మీద చేయి పెట్టి కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేశాను. వాళ్ళిద్దరూ చెప్పులు విడిచి నిలబడ్డారు.

హనుమంతప్ప స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఈరమ్మ ఎక్కబోతూ ఆగి నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"ఇప్పుడు బండి మాదైపాయె. నిజం చెప్పు దాసప్పా. ఆ పొద్దు నేను ఇంగా పట్టుబట్టింటే మీ సావుకారు ఎంత దిగేటోడు?"

ఇలాంటిది అడిగినవాళ్ళు అంతకు ముందూ ఉన్నారు. వాళ్ళందరికీ ఒక్క రూపాయి కూడా దిగేది కాదనే చెప్పాను. అద్దాల గది వైపు చూశాను. శెట్టిగారు ఫోన్లో ఉన్నారు.

"ఇంకో నాలుగు వేలమ్మా."

ఈరమ్మ రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. "అయ్యో, నాలుగు వేలా! నాలుగు వేలు ఇడిచిపెట్టినానా!"

బండిలోంచి పెద్ద నవ్వు వినిపించింది. హనుమంతప్ప స్టీరింగు మీదికి వంగిపోయి నవ్వుతున్నాడు. "ఈరీ, నువ్వు గూడా ఓడిపోయినావే!" అంటున్నాడు, మళ్ళీ నవ్వుతున్నాడు. ఆమెకు కోపం రాబోయి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. అన్నేళ్ళ ఉద్యోగంలో షోరూము గేటు ముందు అలా గట్టిగా నవ్వడం నాకు అదే మొదలు.

నిమ్మకాయలు చిట్లాయి. తెల్ల బండి కంప్లి రోడ్డు మలుపు తిరిగేదాకా ఆయన నవ్వు, హారను రెండూ వినిపిస్తూనే ఉన్నాయి.